ఏమీ జరగలేదు కదా!



రోడ్డు మీద తప్పు చేసిన వారిని ఎవరినైనా అడిగి చూడండి, వచ్చే జవాబు ఒక్కటే. "ఏమీ జరగలేదు కదా!" హెల్మెట్టు లేకుండా పోయిన కుర్రవాడూ అదే అంటాడు, ఎర్ర లైటు దాటి వచ్చిన పెద్దమనిషీ అదే అంటాడు. ఇది నిజముగా జవాబేనా? ఏమీ జరగనంత మాత్రాన చేసినది తప్పు కాకుండా పోతుందా? ఇద్దరు ఒకే పని చేశారనుకొందాము. ఒకరు క్షేమముగా ఇల్లు చేరారు. రెండవ వాని చేతిలో ఒక ప్రాణము పోయినది. ఇద్దరి తప్పు సమానమా, కాదా? ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన మాకు ఈ లెక్క చాలా కాలము తేలలేదు. తేలకపోవడానికి కారణము ఆ ఇద్దరిలో ఒకరము మేమే కావడము.

మేము బరంపురములో స్థిరపడిన వారము. ఇచ్ఛాపురము మాకు సుమారు పాతిక కిలోమీటర్లు. పెండ్లికైనా చావుకైనా ఆ దారినే పోయి రావాలి. ఆ రోజులలో అది ఐదవ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారవది అయినది. రెండు వరుసల రోడ్డు నాలుగు వరుసలై మధ్యలో డివైడరు వచ్చిన తరువాత మా పేటకు ఒక చిక్కు వచ్చిపడినది. ఇచ్ఛాపురము నుండి వచ్చేటప్పుడు మా వీధి కుడివైపున, అవతలి రోడ్డు మీద ఉంటుంది. పద్ధతి ప్రకారమైతే వీధిని దాటి కిలోమీటరుకు పైగా ముందుకు పోయి, అక్కడ డివైడరులో వదిలిన ఖాళీ దగ్గర తిరిగి, వెనుకకు రావాలి. పద్ధతి తప్పితే వీధికి ముందే ఉన్న ఖాళీలో అవతలి రోడ్డుకు మళ్ళి, రెండు ఫర్లాంగులు రాంగ్ రూటులో అంచు వెంట వస్తే చాలు. పేటలో అందరూ అలాగే వచ్చేవారు. మేమూ అలాగే వచ్చేవారము. పెట్రోలు కలిసి వస్తుందని అనుకొనేవారము గాని, ఒక నెలకు ఎంత కలిసి వస్తుందో లెక్కల మాస్టారమై యుండి ఎన్నడూ లెక్క వేయలేదు.

2009లో ఒక సాయంకాలము ఇచ్ఛాపురములో పెండ్లి భోజనము చేసి స్కూటరు మీద వస్తున్నాము. మా శ్రీమతి వెనుక కూర్చున్నది. మామూలుగానే రాంగ్ రూటులోకి మళ్ళాము. ప్రక్క సందులో నుండి ఒక ముసలమ్మ నెత్తిన కట్టెల మోపుతో రోడ్డు మీదికి అడుగు పెట్టినది. బ్రేకు త్రొక్కాము, స్కూటరు జారినది, హ్యాండిలు ఆమె మోపు చివరకు తగిలి మోపు క్రింద పడినది. ఆమె పడలేదు. మాకు మోచేయి గీసుకొన్నది. మా శ్రీమతి కట్టెలు ఏరి మోపు కట్టి ఆమె తలకెత్తినది. ముసలమ్మ ఒరియాలో ఏదో అన్నది, తిట్టుగా తోచలేదు. ఇంటికి వచ్చాము.

మరుసటి ఆదివారము ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యము చెప్పాము. రోడ్డు మీద గొప్ప ప్రమాదము తప్పినదనీ, ప్రభువు తన రెక్కల చాటున మమ్మును దాచెననీ చెప్పాము. సంఘమంతా స్తోత్రము అన్నది. రాంగ్ రూటు అనే మాట మాత్రము ఆ సాక్ష్యములో లేదు. దాచాలని దాచినది కాదు. అది చెప్పదగిన సంగతి అని మాకు తోచనే లేదు.

నాలుగేండ్లు గడిచినవి. 2013లో మా సంఘములోని ఒక యౌవనస్థుడు, క్వయరులో తబలా వాయించేవాడు, రాత్రి ఎనిమిది గంటల వేళ అదే ఖాళీలో మళ్ళి అదే అంచు వెంట మోటారుసైకిలు మీద వస్తున్నాడు. ఇటుక బట్టీ దారి నుండి ఒక కూలి మనిషి సైకిలు మీద పెద్ద రోడ్డెక్కి ఎడమకు తిరిగినాడు. ఎదురెదురుగా తగులుకొన్నారు. మా వాడు పారిపోలేదు. ఆటో ఆపి తానే ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయాడు. మూడవ రోజున ఆ మనిషి చనిపోయాడు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు.

సంఘ కమిటీ కూర్చున్నది. పాస్టరుగారు, డీకన్లు, పెద్దలము. అప్పుడు కార్యదర్శిగా మినిట్సు వ్రాసేది మేమే. ఆ రోజు మేము చాలా మాట్లాడాము. నిర్లక్ష్యము అన్నాము, రక్తాపరాధము అన్నాము, ఇతర యౌవనస్థులకు బుద్ధి రావాలి అన్నాము. అతనిని ఆరు నెలలు క్వయరు నుండి, ప్రభువు బల్ల నుండి దూరముగా ఉంచాలని తీర్మానము చేసి, మా చేతితోనే పుస్తకములో వ్రాశాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని వ్రాయడము తేలిక. నిజము చెప్పాలంటే బాగానే నిద్రపోయాము. అంతకంటె చెప్పడానికి కష్టమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ వారములోనే ఇచ్ఛాపురము పోయి వస్తూ అదే రాంగ్ రూటులో ఇంటికి వచ్చాము.

అలా వస్తున్నప్పుడే ఇటుక బట్టీ దారి మొదట ఒక సైకిలు మనిషి ఆగి ఉండటము చూశాము. అతడు తల కుడివైపుకు తిప్పి చూస్తున్నాడు. మేము అతని ఎడమవైపు నుండి వస్తున్నాము. మేము దగ్గరకు వచ్చే వరకు అతడు మా వైపు చూడనే లేదు. ఎందుకు చూస్తాడు? మన దేశములో బండ్లు ఎడమవైపున నడుస్తాయి. డివైడరు ఉన్న రోడ్డు అంచున నిలిచిన వానికి, ముందున్న రోడ్డు మీద బండి వస్తే కుడివైపు నుండే రావాలి. అటు చూసి, ఖాళీగా ఉంటే అడుగు వేస్తాడు. చిన్నపిల్లలకు మనము నేర్పేది కూడ అదే. ముసలమ్మ అలాగే చూసి ఉంటుంది. చనిపోయిన మనిషీ అలాగే చూసి ఉంటాడు. వారి జాగ్రత్త వారు పడ్డారు. ఆ జాగ్రత్తను పనికిరాకుండా చేసినది మేము.

రోడ్డు నియమము అంటే పోలీసు పెట్టినది, లైసెన్సు పరీక్షకు చదివేది అని అంతవరకు అనుకొనేవారము. ఆ రోజు వేరుగా కనబడినది. అది మనకు ముక్కూ మొగమూ తెలియని మనిషికి మనము ముందుగా ఇచ్చిన మాట. "నీవు అటు చూసుకో, ఇటు నుండి ఎవరూ రారు" అని ఇచ్చిన మాట. ఆ మాట మీద ఆనుకొని అతడు కాలు కదుపుతాడు. మా స్కూటరు నెమ్మదిగా పోతున్నదా, మాకు ఎన్నేండ్ల అనుభవము ఉన్నది అనేవి అతనికి తెలియవు, తెలియనక్కర కూడ లేదు. "నాకు చేయి తిరిగినది, నేను చూసుకొని పోతాను" అనేవారు ఈ సంగతి మరచిపోతారు. మనము ఎంత చూసుకొన్నా, అతడు మనలను చూడడు.

మా పాత వృత్తి ఊరుకోనివ్వదు గనుక ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగము అంటే సెకనుకు పదహారు మీటర్లకు పైగా. అపాయము కంటబడి కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను తక్కువ కాకుండా పడుతుంది. బ్రేకు పడిన తరువాత, పొడి రోడ్డు మీద కూడ, బండి నిలవడానికి మరి ఇరవై మీటర్ల వరకు కావాలి. వాన పడితే ఇంకా ఎక్కువ. వేగము రెండింతలైతే బ్రేకు పడిన తరువాత జారే దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. ఇక రాంగ్ రూటులో మేము 30 మీద వస్తూ ఎదురుగా లారీ 60 మీద వస్తే, మా ఇద్దరి నడుమ దూరము గంటకు 90 చొప్పున, అంటే సెకనుకు 25 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. మెల్లగా పోతున్నామన్నది ఆ అంచున చెల్లదు. ముసలమ్మ ఒక్క సెకను ముందుగా అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ సెకను మేము మిగిల్చినది కాదు. మా జాగ్రత్త వలన కలిసి వచ్చినది కాదు.

కాబట్టి ఆ ఇద్దరి తప్పు సమానమా? ధర్మశాస్త్రములో ఇలాంటి సంగతులు మూడు ఉన్నవి. చాలా ఏండ్లు చదివి కూడ వీటిని రోడ్డుతో కలిపి చూడలేదు. మొదటిది ద్వితీయోపదేశకాండము 19లో గొడ్డలి సంగతి. చెట్టు నరుకుతుండగా గొడ్డలి పిడి నుండి ఊడి ప్రక్కవానికి తగిలి వాడు చనిపోతే, నరికినవాడు ఆశ్రయపురమునకు పారిపోయి బ్రదుకవచ్చును. రెండవది నిర్గమకాండము 21లో ఎద్దు సంగతి. ఎద్దు ఒక మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దు అని అతనికి ముందే తెలియజేసినా దానిని కట్టివేయకపోతే, అతని ప్రాణమునకే ముప్పు. చచ్చినవాడు రెండు చోట్లా ఒకే విధముగా చచ్చాడు. తేడా వచ్చినది యజమానికి ముందు తెలిసియుండుటలో. మా వాడు ప్రమాదము తరువాత "అనుకోకుండా జరిగినది" అన్నాడు. రోడ్డు మీద జరిగిన వాటిని మనమందరము గొడ్డలి లెక్కలో వేసుకొంటాము. రాంగ్ రూటు గొడ్డలి కాదు. అది పొడుస్తుందని ఊరంతా ఎరిగిన ఎద్దు.

మూడవది మాకు ఎక్కువ గుచ్చుకొన్నది. ద్వితీయోపదేశకాండము 22లో, క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడినప్పుడు ఆ ఇంటి మీదికి రక్తాపరాధము వస్తుంది అని ఉన్నది. ఇక్కడ ఇంకా ఎవరూ పడలేదు. పడేవరకు ఆగమని కూడ లేదు. పిట్టగోడ లేని డాబా మీద పది సంవత్సరములు పిల్లలు ఆడుకొని ఒక్కరూ పడకపోయినా, ఆ ఇంటి యజమాని ఆజ్ఞ మీరినవాడే. "ఏమీ జరగలేదు కదా" అనే మాటకు ఆ ఒక్క వచనములో చోటు లేదు.

నేటి మన చట్టము కూడ ఈ రెండు మార్గములను ఎరిగియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, వచ్చే బండ్లకు ఎదురు నడపడము, ఎర్ర లైటు దాటడము, ఫోను చేత పట్టుకొని నడపడము ప్రమాదకరమైన తోలకముగా పరిగణించవచ్చును. ఎవరికీ దెబ్బ తగలకపోయినా శిక్ష ఉన్నది. నిర్లక్ష్యము వలన ప్రాణము పోతే అది వేరే నేరము. మా వాని రోజులలో దానికి రెండేండ్ల వరకు ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఐదేండ్ల వరకు ఉన్నది.

మా ఆలోచన చివరకు ఇలా తేలినది. తప్పు సమానము. అప్పు సమానము కాదు. ఆ యౌవనస్థుడు ఒక ఇంటికి అప్పుపడ్డాడు. ఆ అప్పు మాకు లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉన్నది గనుక ఆ కుటుంబమునకు కోర్టు ద్వారా కొంత సొమ్ము వచ్చినది. (ఇన్సూరెన్సు అయిపోయిన బండి తిప్పేవారు దీనిని గమనించాలి. అది మన బండి కొరకు కట్టేది కాదు, మన బండి క్రింద పడేవారి కొరకు కట్టేది.) అదిగాక అతడు ఆ పిల్లల బడి ఖర్చులు తన సంపాదనలో నుండి ఇస్తూ వచ్చాడు. అయితే కమిటీలో మేము తీర్పు తీర్చినది అప్పుకు కాదు, తప్పుకు. ఆ తప్పు ఆ గదిలో ఎంతమంది మీద ఉన్నదో లెక్కపెడితే, తీర్మానము మీద సంతకము పెట్టడానికి ఎవరు మిగిలేవారో చెప్పలేము.

ఇదంతా ఒక్క బరంపురము సంగతి అనుకోకండి. షోలాపూరులో, బళ్ళారిలో, హోసూరులో ఉన్న మన వారికీ ఇలాంటి అంచు ఒకటి ఉండే ఉంటుంది. మనము బ్రదుకుతెరువు కొరకు ఇతర భాషల మధ్యకు వచ్చినవారము. ఒరియా చదవలేనివారు, మరాఠీ చదవలేనివారు మనలో ఇంకా ఉన్నారు. రోడ్డు గుర్తులు మాత్రము ఏ రాష్ట్రములోనైనా ఒకే భాష మాట్లాడతాయి. ఎర్ర అంచు గల గుండ్రని బోర్డు సాధారణముగా వద్దు అనేది. ముక్కోణము జాగ్రత్త అనేది. చతురస్రపు నీలి బోర్డు సమాచారము. అక్షరము రానివారికి కూడ అర్థము కావాలనే అలా పెట్టారు.

2022లో మన దేశములో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. రోజుకు నాలుగువందల అరవై పైమాట. అందులో నూటికి డెబ్బై మందికి పైగా మితిమీరిన వేగము వలన పోయినవారే. యిజ్రెయేలు గోపురము మీద కావలివాడు యెహూను దూరము నుండే అతని తోలకము బట్టి గుర్తుపట్టాడట. మన సంఘములలో అలా గుర్తుపట్టదగిన వారికి కొదువ లేదు. హెల్మెట్టు లేక పోయినవారు ఆ సంవత్సరమే యాభైవేల మంది. వెనుక కూర్చునే మన ఆడవారు హెల్మెట్టు తమది కాదనుకొంటారు గాని, చట్టములోను నేల మీదను ఆ తేడా లేదు.

మద్యము సంగతి ఈ పత్రిక పాఠకులకు వేరుగా వ్రాయనక్కర లేదని తలుస్తాము. నిద్ర సంగతి వ్రాయాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, ఉపవాస కూటములు, రాత్రంతా ప్రార్థనలు ముగించుకొని తెల్లవారుజామున కారు తీసుకొని వంద కిలోమీటర్లు పోయేవారు ఉన్నారు. ప్రార్థన చేసి బయలుదేరాము గదా అంటారు. రెప్ప పడిన రెండు సెకనులలో బండి నలభై మీటర్లు గ్రుడ్డిగా పోతుంది. సంఘ సహోదరులు ఒక చాప వేసి రెండు గంటలు పడుకోబెట్టి పంపితే అది కూడ ఆతిథ్యమే. అలాగే మహాసభలకు సామాన్ల బండిలో మనుష్యులను ఎక్కించడము, పదిమందిని ఒక ఆటోలో కుక్కడము కమిటీలు తమ చేతులతో చేస్తున్న పనులు. పదునాలుగేండ్ల కొడుకు బండి నడపడము చూసి మురిసే తండ్రులకు ఒక మాట: పిల్లవాడు నేరము చేస్తే తండ్రికి లేక బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలో ఉన్నది. ఆ ఎద్దుకు తాడు విప్పినది మనమే గదా.

గాయపడిన వానిని వదలి పోవడము గురించి ఎక్కువ వ్రాయము. ఆగి, వైద్యము అందేలా చూడటము నడిపేవాని విధి అని చట్టములో మొదటి నుండి ఉన్నది. దారిన పోయేవారు సహాయము చేస్తే పోలీసు కేసులో ఇరుక్కొంటామనే భయము ఉండేది. 2016 మార్చి 30న సుప్రీము కోర్టు, తరువాత 2019 సవరణ, అలా సహాయము చేసిన వారికి రక్షణ కల్పించినవి. ఆ రాత్రి మా వాడు చేసిన ఈ ఒక్క మంచి పనిని మా మినిట్సులో ఒక్క వాక్యమైనా వ్రాయలేదు.

మూడేండ్ల క్రితము అతని ఇంటికి పోయి, ముసలమ్మ సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. అతడు చాలాసేపు ఊరుకొని ఇలా అన్నాడు: "నాకు తెలుసు మాస్టారూ. ఆ ఆదివారము మీరు సాక్ష్యము చెప్పినప్పుడు నేను వెనుక బల్ల మీద ఉన్నాను. మీరు ఏ దారిని వస్తారో పేటలో అందరికీ తెలుసు. మాస్టారిని దేవుడు కాపాడాడు, మనలనూ కాపాడతాడు అని అప్పుడు మేము మాలో మేము అనుకొన్నాము."

మేము క్షమించమన్నాము. అతడు టీ తెప్పించాడు. అవునని గాని కాదని గాని అనలేదు, మేమూ మళ్ళీ అడగలేదు.

ఆ ఖాళీని తరువాత సిమెంటు దిమ్మెలు పెట్టి మూసివేశారు. ఇప్పుడు అందరూ కిలోమీటరు ముందుకు పోయి తిరిగి రావలసిందే. మినిట్సు పుస్తకములో ఆ తీర్మానమును దిద్దుదామని కమిటీని అడిగాము. ఆమోదించిన మినిట్సును దిద్దే పద్ధతి లేదని ఇప్పటి కార్యదర్శి అన్నాడు, అది సరియే. సాక్ష్యమునైతే దిద్దవచ్చును గదా అని ఒక ఆదివారము సమయము అడిగి, 2009లో విడిచిపెట్టిన మాటను చేర్చి మళ్ళీ చెప్పాము. అయితే ఆ మొదటి సాక్ష్యము విని స్తోత్రము అన్నవారిలో కొన్ని కుటుంబములు ఇప్పుడు షోలాపూరులో, బెంగుళూరులో, చెన్నపట్నములో ఉన్నవి. వారికి ఈ పత్రిక చేరుతుందని తెలిసి, ఇందులో వ్రాస్తున్నాము.